విహారనౌకలును నీటిమీది తనిఖీలును

అమెరికా సంయుక్తరాష్ట్రములలో సొంతబోటు గల గృహస్థుడొకడు సెలవునాడు ఆలుబిడ్డలతోడ ఫ్లోరిడాలోని బిస్కేన్ అఖాతమునకో, ఒహాయో రాష్ట్రమునకు ఉత్తరమున పరచుకొనియున్న ఈరీ సరస్సునకో విహారార్థము బయలుదేరెననుకొందము. అతడు వేగపరిమితిని మీఱకున్నను, అన్యనౌకలకు అడ్డు రాకున్నను, చూచువారికి అనుమానము గొలుపు పని యేదియు చేయకున్నను, నీలిదీపము మెఱయించుచు సంయుక్తప్రభుత్వపు గస్తీబోటు ఒకటి వచ్చి ప్రక్కన నిలిచి, ఇంజను ఆపుమని యాజ్ఞాపించి, సాయుధులైన ఉద్యోగుల నిద్దఱను అతని బోటులోనికి ఎక్కింపవచ్చును. ఆయుధములేమైన నున్నవా యనునది సాధారణముగా వారి మొదటి ప్రశ్న. పిదప రిజిస్ట్రేషను కాగితములు, బోటు వెనుకభాగమున చెక్కిన నిర్మాణసంఖ్య, మనిషికొకటి చొప్పున లైఫు జాకెట్లు, అగ్నిమాపక సాధనము, ఆపత్సూచకములైన ఫ్లేర్లు, హారను, దీపములు, పెద్దబోటైనచో నూనెను నీటిలో విడువరాదని హెచ్చరించు ఫలకము, మరుగుదొడ్డి గొట్టపు మీట ఎటువైపు త్రిప్పబడియున్నదో ఆ వైనము, ఇవన్నియు వరుసగా పరీక్షింపబడును. లోపమేమియు కనబడనిచో ఒక నివేదికను చేతికిచ్చి వారు వెడలిపోదురు. మరల కొంతదూరము పోయినపిమ్మట సంయుక్తప్రభుత్వపు వేఱొక శాఖవారు వచ్చి అదే పరీక్షను మొదటినుండి ప్రారంభించినను, కాదనుటకు అతనికి హక్కు లేదు.

ఆ గృహస్థుడే తన కారులో రహదారిమీద పోవుచుండగా ఇట్టి నిలుపుదల చెల్లదు. అనుమానమునకు ఆధారమేమియు లేక, కేవలము లైసెన్సును రిజిస్ట్రేషనును చూచుటకై దారిన పోవు కారును ఇష్టానుసారముగా ఆపుట రాజ్యాంగపు నాల్గవ సవరణకు విరుద్ధమని 1979లో డెలవేర్ వర్సెస్ ప్రౌస్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు నిర్ణయించినది. నేలపై నున్నంతసేపు పౌరుని రక్షించు ఆ సవరణ, అతడు రేవు విడిచి నీటిపైకి పోగానే ఎందులకు సన్నగిల్లవలెను? దేశమందు రిజిస్టరైన విహారపు బోట్లు సుమారు కోటి పదునైదు లక్షలు కాగా, వాని యజమానులలో చాలమంది మనసున మెదలు ప్రశ్న ఇదియే. ఈ ప్రశ్నను కొందఱు ధనికుల విలాసమునకు సంబంధించిన చిఱాకుగా త్రోసిపుచ్చుట న్యాయము కాదని నా తలంపు. ఏలయన, ఆ బోట్లలో అత్యధికభాగము ట్రైలరుమీద ఈడ్చుకొనిపోదగిన చిన్నబోట్లు, చేపలు పట్టుకొను సామాన్యులవి.

దీని మూలమును వెదకబోయినచో 1790 ఆగస్టు 4వ తేదీనాటి శాసనమునొద్దకు చేరుదుము. అప్పటికి ఆ రాజ్యము క్రొత్తది. రాబడిలో ప్రధానభాగము దిగుమతి సుంకములవలననే చేకూరవలసియుండెను. దొంగరేవులలో సరకును దింపు వర్తకులను పట్టుకొననిదే కోశము నిండదు. కోశాధిపతియైన అలెగ్జాండర్ హామిల్టన్ పది చిన్ననౌకలతో ఒక గస్తీదళమును కోరగా, కాంగ్రెసు దానిని మంజూరు చేసి, ఆ శాసనపు 31వ విభాగమున, దేశములో నెక్కడనైనను, తీరమునుండి నాలుగు లీగులలోపల దేశమువైపు వచ్చుచున్నపుడైనను, నౌకలనెక్కి సరకుల పట్టీని అడుగుటకును, వెదకుటకును అధికారము నొసగెను. ఇక్కడ గమనింపవలసినది ఆ అధికారముయొక్క లక్ష్యము: సుంకము చెల్లింపవలసిన సరకు, దానిని మోయు నౌక, దాని పట్టీ. ఆదివారపు విహారము ఆ శాసనకర్తల ఊహలోనికైనను వచ్చియుండదు.

ఆ మఱుసటి సంవత్సరము జూను 4వ తేదీన హామిల్టన్ తన గస్తీనౌకల నాయకులకు ఒక ఆజ్ఞాపత్రమును పంపెను. మీ దేశీయులు స్వతంత్రులు, ప్రభుత్వము చలాయించు ధోరణిని సహింపనివారు, కావున అహంకారమును, మోటుతనమును, అవమానమును ఎంతమాత్రము పొడసూపనీయక మెలగుడని అందలి భావము. అపారమైన అధికారమును చేతికిచ్చినవాడే దాని ప్రమాదమునుగూడ మొదటినుండియు ఎఱిగియుండెనని ఈ పత్రము చాటుచున్నది. ఆ దళమే 1915లో ప్రాణరక్షక సంస్థతో కలసి కోస్టుగార్డుగా రూపొందెను. మద్యనిషేధపు రోజులలో దొంగసారా పడవలను తరుముటయందు దానికి సాయుధదళపు అలవాట్లు బలపడెను. 1936లో కాంగ్రెసు దాని అధికారమును విస్తరించి, అమెరికా చట్టములకు లోబడిన యే నౌకనైనను ఎక్కి విచారించుటకు, పరీక్షించుటకు, వెదకుటకు వీలు కల్పించెను. ఇప్పుడది సంయుక్తరాష్ట్రముల చట్టసంహితలో 14వ సంపుటపు 522వ విభాగముగా నున్నది. 2003నుండి ఆ దళము స్వదేశభద్రతా శాఖలో చేరినది. ఆపదలోనున్న నావికుని ఈడ్చి ఒడ్డు చేర్చు చేయియు, అతని బోటును వెదకు చేయియు ఒకే దళమునకు చెందియుండుట వలన, ఆ దళముపై ప్రజలకు ప్రేమయు భయమును కలసిన ఒక విచిత్రమైన భావము ఏర్పడినది. తుపానులో ప్రాణములకు తెగించి వచ్చు ఆ యువకులయెడ గౌరవము లేని నావికుడు ఆ దేశమున అరుదు. అందువలననే వారి చేతి తనిఖీ మనసును ఎక్కువగా నొప్పించును.

ఈ అధికారమునకు న్యాయముద్ర వేసినది 1983నాటి విల్లమోంటే-మార్క్వెజ్ వ్యాజ్యము. దానిని కొంత వివరముగా చూడవలెను. 1980 మార్చి 6వ తేదీ మధ్యాహ్నవేళ లూసియానా రాష్ట్రమున సముద్రమునుండి పదునెనిమిది మైళ్లు లోపలనున్న కాల్కసూ ఓడకాలువలో నలువదడుగుల తెరచాపపడవ యొకటి లంగరువేసి యుండెను. పెద్ద సరకుఓడ యొకటి ప్రక్కనుండి పోగా దాని అలలకు ఆ పడవ విపరీతముగా ఊగెను. సుంకపుటధికారులు రాష్ట్రపోలీసులతో గస్తీ తిరుగుచు దగ్గఱకు వచ్చి క్షేమమా యని అడుగగా, పైనున్న మనిషి ఉలుకు పలుకు లేక భుజములు మాత్రము ఎగురవేసెను. అధికారులు కాగితములు చూచుటకై పడవనెక్కిరి. కాలుచున్న గంజాయి వాసన తగిలెను. తెఱచియున్న ద్వారముగుండ చూడగా లోపల బేళ్లు కనబడెను. లెక్కతేలిన సరకు 5,800 పౌనులు. అప్పీలు న్యాయస్థానము శిక్షలను రద్దుచేసినను, సుప్రీంకోర్టు ఆరుగురు న్యాయమూర్తుల ఆధిక్యమున వానిని పునరుద్ధరించెను.

ఆధిక్యపక్షమున తీర్పు వ్రాసిన రెన్‌క్విస్ట్ రెండు వాదములను ముందుంచెను. మొదటిది చారిత్రకము: నాల్గవ సవరణను ప్రతిపాదించిన మొదటి కాంగ్రెసే 1790 శాసనమును చేసినది గనుక, ఈ రెంటికిని వైరుధ్యమున్నట్లు ఆ పెద్దలు భావింపలేదు. రెండవది వ్యావహారికము: రహదారిపై కారులు ఒకే బాటను పోవును, కావున అడ్డుకట్ట పెట్టి అందఱిని సమముగా పరీక్షింపవచ్చును, నీటిపై బాటలు లేవు, నౌక ఎటునుండియైనను ఎటైనను పోగలదు, కారుకు నంబరుపలక చాలును, నౌకల కాగితములో చిక్కులమయము. అసమ్మతి తెలిపిన ముగ్గురిలో ఒకడైన బ్రెన్నన్ దీనికి చెప్పిన సమాధానము నేటికిని వాడి తగ్గలేదు. ఉద్యోగి ఇష్టమునకు హద్దులేమియు లేని యాదృచ్ఛికమైన నిలుపుదలను ఈ న్యాయస్థానము ఇంతకుముందు ఎన్నడును అంగీకరింపలేదనియు, అనుమానమో, అందఱికిని వర్తించు అడ్డుకట్టయో, ఏదో యొక నియమము ఉండితీరవలెననియు ఆయన వాదించెను. నాలుగువందల అడుగుల వెడల్పుగల కాలువలో అడ్డుకట్ట సాధ్యముకాదని చెప్పుట నాకును సమంజసముగా తోచదు. విశాలసముద్రమునకు తగిన హేతువును ఇఱుకుకాలువకు అన్వయించి, పిమ్మట ఆ కాలువనుండి సరస్సులకును చెఱువులకును వ్యాపింపజేయుటలోనే ఈ సమస్యయంతయు పుట్టినది. అది సుంకపుటధికారులు కాగితములనడిగిన వ్యాజ్యము. భద్రతా పరికరముల ప్రశ్న అందు లేనేలేదు. అయినను 2000లో టెక్సాసు ఉన్నత క్రిమినలు న్యాయస్థానము, ఒక సరస్సుపై విహరించు బోటును అనుమానము లేకుండగనే భద్రతా తనిఖీకై ఆపుట చెల్లునని తీర్పు చెప్పుటకు ఈ విధమైన తర్కమే త్రోవచూపెను. ఇందుకు భిన్నముగా, 1979లో తొమ్మిదవ మండల అప్పీలు న్యాయస్థానము శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతమున చీకటిపడిన పిమ్మట అనుమానము లేక చేసిన తనిఖీని చెల్లదని త్రోసివేసియుండెను. రాత్రివేళ అపరిచితులు నౌకనెక్కుటవలన కలుగు భయమును లెక్కలోనికి తీసికొన్న తీర్పు అది.

ఇక బోటువారి ఫిర్యాదులను విచారింతము. వానిలో అన్నియు సమానమైన బరువుగలవి కావు. నల్లబూట్ల గుర్తులు తెల్లని డెక్కుపై పడుట, విహారకాలములో అర్ధగంట వ్యర్థమగుట, ఇట్టివి ఎవరైనను ఓర్చుకొనదగినవి. కాని కొన్ని అట్లు తేలికగా తీసివేయదగినవి కావు. మొదటిది నివాసమునకు సంబంధించినది. సంవత్సరమంతయు తెరచాపపడవలోనే కాపురముండు దంపతులు ఫ్లోరిడా తీరమున పెక్కుమంది కలరు. నిదురించుటకు చోటు, వంటకు వసతి, మరుగుదొడ్డి గల బోటును ఆదాయపుపన్నుశాఖ ఇల్లుగా పరిగణించి, దానిపైని అప్పువడ్డీకి మినహాయింపు నిచ్చుచున్నది. పన్నులవారికి ఇల్లైనది గస్తీవారికి ఇల్లు కాదు. ఒడ్డుననున్న ఇంటి గడపను దాటుటకు న్యాయాధికారి వారంటు కావలయునుగాని, ఈ యింటి మరుగుదొడ్డి గొట్టమును చూచుటకు వచ్చినవారికి అదేమియు అక్కఱలేదు. ఫ్లోరిడా కీస్ ప్రాంతపు జలములలో మలినమును విడుచుట నిషిద్ధము. అక్కడి పగడపు దిబ్బల రక్షణకు అది అవసరమని నేనును నమ్ముదును. అయినను పగడములను రక్షించు మార్గము ఇదియొక్కటియే కాదు.

రెండవది శాఖల బాహుళ్యము. కోస్టుగార్డు, రాష్ట్ర వన్యప్రాణి శాఖ, జిల్లా షెరీఫు, నగరపోలీసు, సుంకశాఖ, వీరందఱును ఒకే నీటిపై గస్తీ తిరుగుదురు. ఒకరు ఇచ్చిన నివేదిక మఱియొకరిని కట్టడిచేయదు. దానిని చూపినచో మర్యాదస్థుడైన ఉద్యోగి చూచి వదలిపెట్టవచ్చును, వదలకయు ఉండవచ్చును. కోస్టుగార్డు సహాయకదళపు స్వచ్ఛందసేవకులు ఉచితముగా బోటును పరీక్షించి, అన్నియు సరిగానున్నచో ఆ సంవత్సరమునకు ఒక స్టిక్కరును అంటింతురు. లోపమున్నను జరిమానా యుండదు. ఎంతయో మెచ్చదగిన ఆ ఏర్పాటునందలి లోపమేమనగా, ఆ స్టిక్కరు కూడ నిలుపుదలనుండి తప్పించదు. తనంత తాను వచ్చి పరీక్షకు నిలిచిన మనిషికిని, ఎన్నడును లెక్కచేయని మనిషికిని భేదము చూపని పద్ధతి మంచినడవడికి ఏమి ప్రోత్సాహము నిచ్చును?

మూడవది, నిలుపుదలయే ప్రమాదకరము కావచ్చును. అలలమీద ఇంజను ఆపిన బోటు అలలకు అడ్డముగా తిరుగును. రెండు బోట్లు ఒరసికొనును. తెరచాపను దించవలసివచ్చిన వృద్ధుడు ఇఱుకుకాలువలో ప్రవాహమునకు కొట్టుకొనిపోవును. ఆజ్ఞను తెలిసి ధిక్కరించుట అయిదేండ్లవఱకు కారాగారశిక్షకు పాత్రమైన నేరము గనుక, స్థలము మంచిది కాదని వాదించు ధైర్యము ఎవరికిని ఉండదు. భద్రతపేర చేయు పని భద్రతను భంగపఱచుట ఈ వ్యవహారమున మిక్కిలి బాధాకరమైన అంశము.

అయితే ఈ తనిఖీలవలన ప్రాణములు నిలుచుచున్నవా యనునదే అసలు ప్రశ్న. అందుకు కోస్టుగార్డువారి వార్షికగణాంకములే దారి చూపును. 2023లో విహారపు బోట్ల ప్రమాదములలో 564 మంది మరణించిరి. మరణకారణము తెలిసినవారిలో నూటికి 75 మంది నీట మునిగి చనిపోయిరి. అట్లు మునిగినవారిలో నూటికి 87 మంది లైఫు జాకెట్టు తొడుగుకొనలేదు. మరణములకు దారితీసిన కారణములలో తెలిసినంతవఱకు మద్యపానము అగ్రస్థానమున నున్నది. మరణములు సంభవించిన బోట్లను నడిపినవారిలో అధికులు ఏ శిక్షణయు పొందనివారు. ఇప్పుడు తనిఖీపట్టికను దీని ప్రక్కన పెట్టి చూడుడు. వయోజనులు జాకెట్టు తొడుగుకొనవలెనని సంయుక్త చట్టము సామాన్యముగా చెప్పదు. బోటులో మనిషికొకటి ఉన్న చాలునని చెప్పును. పదుమూడేండ్లలోపు పిల్లలకు మాత్రమే తొడుగుట విధి. అనగా ఉద్యోగి పెట్టె తెఱపించి జాకెట్లను లెక్కించి సంతృప్తి చెందును. మునిగిపోవువాడు జాకెట్టు పెట్టెలో నుండగనే మునుగును. మనుష్యుల ఒంటిమీద జాకెట్టు లేమి దూరమునుండియే కనబడును. దానిని చూచుటకు బోటునెక్కనక్కఱలేదు. ఎక్కి చూడవలసినవి పండ్రెండేండ్లు దాటిన అగ్నిమాపక సాధనము, గడువు తీరిన ఫ్లేర్లు మొదలగునవి. అవియును ముఖ్యములే, కాని వానివలన కలుగు మరణములు మునకతో పోల్చదగినన్ని కావు.

మఱియొక విషయము. 1971 ప్రాంతమున లక్ష బోట్లకు ఇరువదికి పైగానున్న మరణముల రేటు 2023నాటికి అయిదునకు లోబడినది. ఇది మహత్తరమైన విజయము. దీనికి ఎన్నియో కారణములుండవచ్చునుగాని, వానిలో ముఖ్యమైన దొకటి కర్మాగారములలో జరిగినది: 1971నాటి బోటుభద్రతా శాసనముననుసరించి, ఇరువదడుగులలోపు మోటారుబోట్లు నీరు నిండినను తేలియుండునట్లు నిర్మింపబడవలెననియు, ఎందఱు ఎక్కవచ్చునో తెలుపు ఫలకము అతికింపబడవలెననియు నియమములు వచ్చెను. నడుపువాడు నీట పడినచో ఇంజనును ఆపివేయు తాడును తగిలించుకొనవలెనను 2021నాటి నియమమునకుగూడ పునాది కర్మాగారములలోనే పడినది. నిర్మాతను కట్టడిచేసిన నియమము ప్రతి బోటును కాపాడినది. అందుకు ఎవరి విహారమును ఆపవలసిన పని రాలేదు.

గస్తీవారి పక్షమున చెప్పదగినదియు బలముగనే యున్నది. త్రాగి నడుపువారు పెక్కుసార్లు మామూలు తనిఖీలలోనే బయటపడుదురు. దగ్గఱకు పోయి మాటాడినప్పుడుగదా వాసన తెలియును. నీటిపై గీతలు లేవు గనుక తూలి నడచుటను పోల్చుట కష్టము. ఎప్పుడైనను ఆపుదురేమో యను భయమే కొందఱిచేత జాకెట్లు కొనిపించును. ఈ వాదమును నేను తేలికగా చూడను. త్రాగినవాని బోటు ఢీకొని బిడ్డను పోగొట్టుకొన్న తల్లిదండ్రుల ఎదుట నాల్గవ సవరణను గుఱించి ప్రసంగించుట సులభము కాదు. కాని రహదారులయందు ఇదే భయమునకు సుప్రీంకోర్టే 1990లో ఒక మార్గము చూపినది: ముందుగా నిర్ణయించిన చోట, అందఱికిని వర్తించు నియమముతో మద్యపరీక్ష జరుపవచ్చునని మిషిగన్ వ్యాజ్యమున తీర్పిచ్చినది. బోట్లను నీటిలో దింపు ర్యాంపులవద్ద, మెరీనా ముఖద్వారములవద్ద, జూలై 4వ తేదీ పండుగనాటి రద్దీలో అట్టి పరీక్షను జరుపుటకు అభ్యంతరమేమున్నది? అక్కడ ఉద్యోగి ఎవరిని ఎన్నుకొనెనను సందేహమునకు తావుండదు. చర్మపువర్ణమును చూచియో, బోటు పాతదనమును చూచియో ఆపినాడను అపవాదమునుండి ఉద్యోగియు విముక్తుడగును.

అనుమానము లేని నిలుపుదలను మానుపు త్రోవను కొన్ని రాష్ట్రములు త్రొక్కినవి. 2013లో ఒహాయో శాసనసభ బోటువారి స్వేచ్ఛాచట్టము నొకదానిని చేసి, ఉల్లంఘన జరిగినదనుటకు సహేతుకమైన అనుమానము లేనిదే కేవలము భద్రతా తనిఖీకై బోటును ఆపరాదని రాష్ట్రోద్యోగులను కట్టడి చేసినది. పది లక్షలకు మించి బోట్లుగల ఫ్లోరిడా 2025లో అంతకంటె ముందుకు పోయినది. మే నెలలో గవర్నరు డిసాంటిస్ సంతకముతో జూలై 1నుండి అమలైన చట్టము ప్రకారము, ఉల్లంఘన జరిగినదని నమ్ముటకు ఆధారము లేక బోటును ఆపుటకును ఎక్కుటకును వీలులేదు. భద్రతా పరికరముల లోపమునే నిలుపుదలకు ఏకైక హేతువుగా చూపరాదు. రిజిస్ట్రేషను సమయముననే పరికరములున్నవని నిరూపించుకొన్న యజమానికి అయిదేండ్లవఱకు చెల్లు స్టిక్కరు లభించును. ఆ చట్టములోనే ఇంధనపు రకమునుబట్టి బోట్లను స్థానికసంస్థలు నిషేధింపరాదను వేఱొక విషయమును చేర్చుట నాకు రుచింపలేదు. పౌరహక్కునకు సంబంధించిన శాసనమున వ్యాపారపు వివాదమును కలుపకుండుట మేలు.

ఒడ్డుననే పరీక్ష జరుపుట ఊహామాత్రము కాదనుటకు బ్రిటనులో నిదర్శనము కలదు. అక్కడి నదులలోను కాలువలలోను తిరుగు బోట్లకు 1997నుండి నాలుగేండ్లకొకసారి పరీక్షకుడు వచ్చి గ్యాసు గొట్టములు, ఇంధనము, అగ్నిభయము మున్నగువానిని చూచి ధ్రువపత్రమిచ్చు పద్ధతి నడచుచున్నది. పరీక్ష యెప్పుడో యజమానికి ముందుగనే తెలియును. లోపమును సవరించుకొనుటకు గడువుండును. ఆగంతుకముగా అలలపై చేయు అర్ధగంట తనిఖీకంటె ఇది లోతైనది.

ఇదే సందర్భమున, నా యభిప్రాయమును అపార్థము చేసికొనకుండుటకై మన గోదావరిని స్మరింపక తప్పదు. 2019 సెప్టెంబరు 15వ తేదీన పాపికొండలకు యాత్రికులతో పోవుచు కచ్చులూరువద్ద మునిగిన బోటు ఎన్నియో కుటుంబములను నాశము చేసెను. టిక్కెట్టు కొని ఎక్కు ప్రయాణికునికి బోటు యోగ్యతను విచారించు వీలులేదు. ఆ భారము ప్రభుత్వముమీదనే యుండును. అట్టి బోట్లను రేవు కదలకమునుపే ఎంత కఠినముగా పరీక్షించినను తప్పులేదు. నేను వాదించుచున్నది అద్దెబోట్లనుగుఱించి కాదు. తన కుటుంబముతో తన బోటులో పోవువానిని అనుమానము లేక నడినీట ఆపుటనుగుఱించి. వరదపోటు తెలిసియు రేవునుండి బోటును కదలనిచ్చుటయు, నిర్దోషిని నడినీట నిలుపుటయు పరస్పరవిరుద్ధములుగా కనబడినను, రెంటియందును పరీక్ష జరుగవలసినచోట జరుగకపోవుటయే మూలదోషము.

ఒహాయో, ఫ్లోరిడా చట్టములు ఎంత మంచివైనను ఆ రాష్ట్రముల ఉద్యోగులను మాత్రమే కట్టుబఱచును. ఫ్లోరిడా స్టిక్కరు అంటించిన బోటును కోస్టుగార్డు ఇప్పటికిని నిరాటంకముగా ఆపవచ్చును. కావున ఈ పని కాంగ్రెసు చేయవలసినది. విదేశములనుండి వచ్చు నౌకలపైని, బహిస్సముద్రముపైని ఉన్న సుంకాధికారమును తాకనక్కఱలేదు. దొంగరవాణాపై అనుమానమున్నచోట ఎక్కి వెదకుటకును అడ్డు చెప్పనక్కఱలేదు. స్వదేశపు రేవునుండి బయలుదేరి స్వదేశపు జలములలో తిరుగు విహారనౌకను, అనుమానమునకు హేతువు లేకయు, అందఱికిని సమముగా వర్తించు తనిఖీకేంద్రము కాకయు, భద్రతా పరీక్షకై మాత్రము ఆపరాదనియు, రాష్ట్రముగాని సహాయకదళముగాని ఆ సంవత్సరమున ఇచ్చిన స్టిక్కరును చాలినంత సాక్ష్యముగా అంగీకరింపవలెననియు 522వ విభాగమునకు ఒక ఉపవిభాగమును చేర్చిన చాలును.